నడుస్తూ తిన్న అన్నం

మా ఇంట్లో తక్కువ తినే మనిషిని నమ్మేవాళ్ళు కాదు. కొడవలూరు దగ్గరి పల్లె మాది. వరి తప్ప మరో పంట ఎరగని నేల. కోతల రోజుల్లో కళ్ళం దగ్గరికి పంపాల్సిన అన్నం నేనూ మా తోడికోడలూ తెల్లవారకముందే వార్చేవాళ్ళం. అందరికీ పంపించాక ఇద్దరం వంటింట్లోనే గోడకి చేరగిలబడి, గిన్నె అడుగున మిగిలిన పులుసులో అన్నం కలుపుకుని తినేవాళ్ళం. ఎంత తిన్నామో చూసుకునేవాళ్ళం కాదు. ఆకలి మనిషిని విడిచి వెళ్ళిపోగలదని, వెళ్ళి ఏళ్ళ తరబడి తిరిగి రాకుండా ఉండగలదని ఆ రోజుల్లో ఎవరైనా చెప్పి ఉంటే నవ్వి ఉండేదాన్ని.

యాభైల చివర్లో, నా కూతురు గోడ పట్టుకుని నడక నేర్చుకుంటున్నప్పుడు, నాకు దగ్గు పట్టుకుంది. నాట్లప్పుడు తడిశాను, దానంతట అదే పోతుందిలే అనుకున్నాం. పోలేదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. రవికలు వదులయ్యాయి. చివరికి మా ఆయన నన్ను నెల్లూరు తీసుకెళ్ళి రొమ్ముకి ఎక్స్‌రే ఫోటో తీయించారు. డాక్టరుగారు ఆ ఫోటోని కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి, మా ఆయనకి చూపిస్తూ మాట్లాడారు. నా వైపు ఒక్కసారి తిరిగి, "మందు సగం పనే చేస్తుందమ్మా. మిగతా సగం తిండి చెయ్యాలి. నడవొద్దు, పని చెయ్యొద్దు. పడుకో, బాగా తిను" అన్నారు. జబ్బు పేరు మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. క్షయ అన్న మాట నా నోటితో నేను అనడానికి కూడా చాలా కాలం పట్టింది.

మందు మొదలైంది. రోజూ ఒక సూది. దానితో పాటు నీళ్ళలో కలుపుకుని తాగే తెల్లటి పొడి. సూది నొప్పి కాసేపట్లో పోయేది. పొడి అట్లా కాదు. తుప్పు పట్టిన ఇనుము నాకినట్టు ఉండేది. గొంతు దిగాక కడుపులో మెలిపెట్టేది. దగ్గు తగ్గుతూ వచ్చింది, సాయంత్రం జ్వరం తగ్గుతూ వచ్చింది, కానీ ఆ పొడి నా నోటిని చంపేసింది. మా నేలలో పండే మొలగొలుకుల అన్నం ఉడుకుతుంటే వచ్చే వాసన మా ఇళ్ళలో అందరికీ ప్రాణం. ఆ వాసనకే నేను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పారిపోయేదాన్ని. పోపు వేస్తే వాంతి. చేపలు కడిగితే వాంతి. మజ్జిగ ఒక్కటే కొంచెం నిలిచేది.

కూతుర్ని నా దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. డాక్టరుగారి మాట అది. పక్క వాటాలో మా తోడికోడలి దగ్గర పెరుగుతోంది. గోడకి అవతల అది ఏడుస్తుంటే వినపడేది, నవ్వుతుంటే వినపడేది. నా పళ్ళెం వేరు, గ్లాసు వేరు. వాకిటి గది నాది. అన్నం వేళకి మా అత్తగారు పళ్ళెం తెచ్చి లోపల పెట్టి, గడప అవతల పీట వేసుకుని కూర్చునేది. నేను తినేదాకా కదిలేది కాదు. ఆమె వెనక మరొకరెవరో నిలబడేవాళ్ళు. చూడవచ్చిన చుట్టాలు కూడా అక్కడే. ఇంకో ముద్ద, ఇంకొక్క ముద్ద అని అందరి పెదాలూ కదులుతుండేవి. ఆమె ప్రేమకి లోటు లేదు. కోడిని కోసి ఎముకలు ఉడకబెట్టి, ఆ నీళ్ళు వడకట్టి తెచ్చేది. కానీ అన్ని కళ్ళ ముందు నోరు తెరవాలంటే నా దవడలు బిగుసుకుపోయేవి. ముద్ద బుగ్గన పెట్టుకుని నమలకుండా కూర్చునేదాన్ని. ఆమె కన్నీళ్ళు పెట్టుకునేది. అవి చూసి నాకు జాలి రావాల్సింది పోయి కోపం వచ్చేది.

పడుకోమన్నారు గానీ పడుకోలేకపోయేదాన్ని. కడుపు ఖాళీగా ఉన్న మనిషి నీరసపడి ఒక మూల పడి ఉంటుందనుకుంటారు. నాకు దానికి సరిగ్గా ఎదురు. కాళ్ళు ఊరుకునేవి కావు. మంచం మీద నుంచి లేచి గోడ దాకా, గోడ నుంచి కిటికీ దాకా, మళ్ళీ మంచం. పక్క సర్దేదాన్ని, మళ్ళీ చెదిరిపోయేది. ఒళ్ళంతా చీమలు పాకుతున్నట్టుండేది. ఇల్లు కూడా నాతో పాటు కుదురు తప్పింది. వాన మబ్బు పట్టినా, గేదె అరిచినా, అది నాకు తిండి సయించకపోవడానికి ఒక శకునం అయ్యేది.

తర్వాతిసారి నెల్లూరు వెళ్ళినప్పుడు నా బరువు చూసి డాక్టరుగారు ముఖం చిట్లించారు. సముద్రం గాలి మంచిదన్నారు. బిడ్డకి దూరంగా ఉండటం కూడా మంచిదన్నారు. మైపాడులో ఏటా మా దగ్గర వడ్లు కొనుక్కుపోయే చేపలు పట్టే కుటుంబం ఒకటి ఉంది. వాళ్ళ ఇంటికి ఆనుకుని, సరుగుడు తోపు అంచున, ఖాళీగా ఉన్న పూరిపాక మాకు ఇచ్చారు. నాతో ఎవరు వెళ్ళాలన్న ప్రశ్న వచ్చింది. ఇంట్లో అందరికీ పిల్లలో, పొలమో, పాడో ఉన్నాయి. మా అత్తగారి చెల్లెలు, చిన్నత్త అని పిలిచేదాన్ని, చిన్నతనంలోనే మొగుడు పోయి అక్క పంచన చేరిన మనిషి, దొడ్లో పిడకలు తిరగేస్తూ, "నేను పోతాలే" అంది. ఎవరూ ఆమెని అడగలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు.

చిన్నత్త పొట్టిగా, గట్టిగా ఉండేది. మాట తక్కువ. తిండి మీద ఇష్టం ఎక్కువ, ఆ సంగతి ఆమె మైపాడు చేరేదాకా ఎవరికీ తెలీదు. మా ఇంట్లో ఆమె అందరూ తిన్నాక తినేది. ఇక్కడ మాకు పాక ఇచ్చిన ఇంటాయన తెప్ప మీద నుంచి దిగుతూ ఇచ్చిన చేపల్ని మెరిసే కళ్ళతో ఎంచుకుని, పాక వెనక మూడు రాళ్ళ పొయ్యి మీద పులుసు పెట్టి, గాలి ఎటు వీస్తే ఆ వాసన అటు పంపేది. నేను దానికి ఎదురు దిక్కున తిరిగేదాన్ని. ఇసకలో తవ్విన దొరువు దగ్గరికి పోయి నీళ్ళు చేదుకునే నెపంతో అక్కడే కూర్చునేదాన్ని. కూర్చున్నదాన్ని మళ్ళీ లేచేదాన్ని. సముద్రం హోరు మొదటి వారమంతా నన్ను మరింత చికాకు పెట్టింది. అది కూడా నాలాగే పడుకోలేని దానిలా అనిపించేది. మందు పొడి తాగిన తర్వాత ఆ హోరు తలలో ఉండేది.

అక్కగారి ఆజ్ఞ చిన్నత్త వెంట వచ్చింది. పూటకి ఒక గుడ్డు, గ్లాసు పాలు, పళ్ళెం ఖాళీ కావాలి. ఆమె నా ఎదురుగా మఠం వేసుకుని కూర్చుని ముద్దల్ని కంటితో మోసేది. తినకపోతే అక్కకి కబురు పెడతానని బెదిరించేది. రోజూ కాంపౌండరు సైకిల్ మీద వచ్చి సూది వేసిపోయేవాడు. ఆయన వచ్చినప్పుడు కూడా నేను తిన్నదెంతో ఆయనకి చెప్పేది. మా ఇంటి గడప మైపాడు దాకా నడిచి వచ్చినట్టనిపించింది నాకు.

ఒక మధ్యాహ్నం ఆమె మాంసం ఉడకబెట్టిన నీళ్ళు తెచ్చి నా చేతికివ్వబోయింది. వద్దన్నాను. గిన్నె నా మూతి దగ్గర పెట్టింది. నేను చేత్తో తోసేశాను. వేడి నీళ్ళు ఆమె తెల్ల చీర మీద, తొడ మీద పడ్డాయి. ఆమె లేచి దొరువు దగ్గరికి పోయి, చీర కుచ్చిళ్ళు నీళ్ళలో జాడించుకుని వచ్చింది. కాలిన చోట కొబ్బరినూనె రాసుకుంటూ, నన్ను చూడకుండా అంది.

"నావల్ల కాదు పిల్లా. వండి ఆడ పెడతా. తింటే తిను, కాకులకేస్తే ఏసుకో. ఇంక నిన్ను అడగను."

అన్నట్టే అడగలేదు. వండి మూత పెట్టి, తన పళ్ళెం తీసుకుని ఇంటావిడ వసారాలోకి పోయి తినేది. నాకు మొదట హాయి అనిపించింది, ఆ తర్వాత భయం వేసింది. ఒకటి రెండు రోజులు మజ్జిగ తప్ప ఏమీ తాగలేదు. మూత తీయాలన్నా చెయ్యి రాలేదు. మూడో పొద్దున చల్లారిన అన్నంలో మజ్జిగ పోసి గట్టిగా పిసికి, బాదం ఆకులో పెట్టుకుని తోపులోకి నడిచాను. తినాలని కాదు. ఆమె అన్నమాటే పట్టుకుని కాకులకి వేద్దామని. సరుగుడు చెట్ల మధ్య నడుస్తూ ఒక్కొక్క చిటికెడు విసురుతున్నాను. కాకులు ముందుకీ వెనక్కీ ఎగురుతున్నాయి. ఎప్పుడో ఒక చిటికెడు నా నోట్లోకి పోయింది. అది గొంతు దిగిన తర్వాత గానీ నేను గమనించలేదు. ఆగాను. ఆగగానే కడుపులో తిప్పింది. మళ్ళీ నడిచాను. తిప్పడం సద్దుమణిగింది. ఇంకో చిటికెడు వేసుకున్నాను.

అట్లా తెలిసింది నాకు. కూర్చుంటే దిగదు, నడుస్తుంటే దిగుతుంది. వేడిది దిగదు, చల్లారితే దిగుతుంది. ముద్ద ఉసిరికాయంత ఉండాలి, అంతకన్నా పెద్దదైతే నోరు మూసుకుపోతుంది. నూనె వాసన ఉండకూడదు, పులుపు ఉంటే మంచిది. గాలి సముద్రం మీద నుంచి రావాలి, పొయ్యి మీద నుంచి కాదు. ఇవి ఒక్క రోజులో తెలియలేదు. కొన్ని కక్కుకుని తెలుసుకున్నాను. గుడ్డు ఉడకబెట్టి, మెదిపి, పెరుగన్నంలో కనపడకుండా కలిపితే తోపు చివరిదాకా వెళ్ళి వచ్చేలోపు పోయేది. పాలు రాత్రి కాచినవి పొద్దున్నకి, చల్లగా, గుక్కలు గుక్కలుగా.

దీన్ని తిండి అనడానికి లేదు. రుచి లేదు. దూది నమిలినట్టే ఉండేది. వరిలో కలుపు తీసేవాళ్ళు తలెత్తి మడి చివర చూడరు, చూస్తే నడుం విరిగినట్టవుతుంది. చేతి కింద మొక్క పీకడం, ముందుకు జరగడం. నేనూ అంతే. ఇంకెంత ఉందని ఆకులోకి చూసేదాన్ని కాదు. చెట్టు తర్వాత చెట్టు, ముద్ద తర్వాత ముద్ద. నన్ను చూసేవాళ్ళు లేరు. తెప్పల దగ్గర వలలు బాగుచేసుకునే మగవాళ్ళకి నేను ఒక పిచ్చిదానిలా కనిపించి ఉంటాను. కొన్నాళ్ళకి వాళ్ళు తలెత్తడం మానేశారు.

చిన్నత్త కనిపెట్టింది. పొద్దున లేచేసరికి అన్నం పిసికి చిన్న చిన్న ముద్దలు చేసి, ఆకులో చుట్టి, గుమ్మం పక్కన ఉట్టిలో పెట్టి ఉండేది. మా మధ్య మాటలు అప్పటికీ తక్కువే. ఆమెకి కాలిన మచ్చ తగ్గుతోంది. కోపం తగ్గిందో లేదో నాకు తెలియలేదు.

మా ఆయన వారానికోసారి వచ్చేవారు. ఇసకలో దూరంగా కూర్చుని పొలం సంగతులు, గేదె సంగతులు, చివర్న కూతురి సంగతులు చెప్పేవారు. దానికి మాటలొస్తున్నాయట. మా తోడికోడల్ని అమ్మా అంటోందట. ఆ మాట ఆయన నోటి నుంచి జారిపోయింది. చెప్పకుండా ఉండాల్సిందని ఆయనకీ తెలిసిపోయింది. ఒక్కసారి దూరం నుంచి చూపించమని బతిమాలాను. ఆయన ఆలోచించి, తర్వాతి వారం కాలువ అవతలి గట్టు మీదికి బండి కట్టుకుని తీసుకొస్తానన్నారు. మైపాడుకి పడమట పెద్ద కాలువ ఉంది, ఉప్పు పడవలు, కట్టె పడవలు తిరిగేది. నేను ఇవతలి గట్టు మీద నిలబడాలి. దాటకూడదు.

వచ్చారు. ఆయన దాన్ని భుజం మీద ఎక్కించుకుని నిలబడ్డారు. నేను వదిలి వచ్చిన బిడ్డ కాదు అది. జుట్టు పెరిగింది, కాళ్ళు సాగాయి. చేతిలో మురుకు పట్టుకుని కొరుకుతోంది. ఆయన నా వైపు చెయ్యి చూపించి ఏదో చెప్పారు. అది కాలువలో పోతున్న పడవని చూసింది, నన్ను కాదు. మురుకు అయిపోతే ఇంకోటి కావాలని ఆయన చెవి పట్టుకుని లాగింది. ఎంత ఆకలి దానికి, ఎంత బాగా తింటోంది అని మాత్రం అనుకున్నాను. ఇంకేమీ అనుకోవడానికి చేతకాలేదు.

బండి తిరిగి వెళ్ళేటప్పుడు కొంతదూరం గట్టు వెంబడే పోతుంది. నేను ఇవతలి గట్టు మీద దానితో పాటు నడవడం మొదలుపెట్టాను. ఎండ మండుతోంది. బండి వేగం పెరిగింది, నేనూ పెంచాను. చిన్నత్త వెనక నుంచి పిలుస్తోంది. బండి పడమటికి మళ్ళి తాటిచెట్ల వెనక కనపడకుండా పోయాక కూడా నేను నడుస్తూనే ఉన్నాను, అటు పోవడానికి దారి లేకపోయినా. ఎక్కడో దగ్గు వచ్చింది. కొంగు అడ్డం పెట్టుకున్నాను. కొంగు ఎర్రగా తడిసింది.

కాంపౌండరు ఆ సాయంత్రమే వచ్చి చూసి, మర్నాడు నెల్లూరు పంపించాడు. డాక్టరుగారు నేను నడుస్తున్నానని విని మొదట కోప్పడ్డారు. తిండి కోసం నడుస్తున్నానని చిన్నత్త చెప్పింది. ఆయన నన్ను కాటా ఎక్కించారు. బరువు తగ్గలేదు, కొంచెం పెరిగింది కూడా. పొడిని పరగడుపున తాగుతున్నావా అని నన్ను అడిగారు. అవునన్నాను. ముందు కొంచెమైనా తిని, ఆ తర్వాత మజ్జిగతో తాగమన్నారు. ఒక్కసారి కాకుండా విడదీసి తాగమన్నారు. అయితే నడక మాత్రం పూర్తిగా మానెయ్యాలి. నెత్తురు ఆగి, తాను చెప్పేదాకా మంచం దిగకూడదు.

తిరిగొచ్చి మంచం మీద పడ్డాను. ఈసారి నిజంగా కదల్లేదు, భయం వల్ల. నడక ఆగింది, దాంతో పాటు తిండి ఆగింది. ముద్దలు ఉట్టిలోనే పులిసిపోయేవి. మళ్ళీ మొదటికొచ్చాను. అంతకన్నా అధ్వాన్నం, ఎందుకంటే ఒకసారి దారి దొరికి మళ్ళీ మూసుకుపోయింది. పడుకుంటే గుండెలో ఏదో పరుగెత్తుతున్నట్టుండేది, కాళ్ళు మాత్రం మంచానికి అతుక్కుపోయి ఉండేవి. దుప్పటి అంచుని వేళ్ళతో నలిపి నలిపి పీలికలు చేశాను. పాక కప్పులోని తాటాకుల్ని చూస్తూ, వాటి ఈనెల వెంట కళ్ళతోనే నడిచేదాన్ని.

చిన్నత్త ఏం చేయబోతోందో నాకు ముందు చెప్పలేదు. ఇంటాయన దగ్గర పాత తెరచాప గుడ్డ ఒకటి ఉంది, చిరుగులు పడి తెప్పకి పనికిరానిది. దాన్ని అడిగి తీసుకుంది. దొరువు నీళ్ళలో ఉతికింది. ఎండేసింది. ఇంటాయన దాని రెండు చివర్లకీ తాళ్ళు బిగించి, పాక పక్కనే రెండు సరుగుడు చెట్లకి ఉయ్యాలలా కట్టాడు. నన్ను ఇద్దరూ మోసుకొచ్చి అందులో పడుకోబెట్టారు. చేపల వాసన వస్తుందని భయపడ్డాను. రాలేదు. ఎండ వాసన, ఉప్పు వాసన వచ్చింది. చిన్నత్త కింద ఇసకలో కూర్చుని కాలితో ఉయ్యాలని మెల్లగా తోసింది.

ఉయ్యాల ఊగుతుంటే ముద్ద నా చేతిలో పెట్టింది. తినమనలేదు. తన పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తను తినడం మొదలుపెట్టింది. అప్పటిదాకా నా జబ్బు మొదలయ్యాక నా పక్కన కూర్చుని తిన్న మనిషి లేదు. అందరూ నేను తినడం చూశారు గానీ నాతో తినలేదు. ఆమె పులుసు చేతితో కలుపుకుంటూ, ముల్లు తీసి ఇసకలో పెడుతూ, ఎవరో బంధువుల పెళ్ళిలో వియ్యపురాళ్ళు కొట్టుకున్న కథ చెప్పింది. ఆ కథలో ఏముందో ఇప్పుడు గుర్తులేదు. కథ అయిపోయేసరికి నా చేతిలో ముద్ద లేదు. ఆమె చూడలేదన్నట్టు ఇంకోటి పెట్టింది.

కొన్ని రోజులు అట్లాగే జరిగింది. ఒక రోజు నేను అడిగాను, నీకు ఈ జబ్బంటే భయం లేదా చిన్నత్తా, దూరంగా కూర్చోమన్నారు కదా అని. ఆమె చెయ్యి పళ్ళెంలో ఆగింది.

"నిన్ను తిన్నావా తిన్నావా అని అందురూ అడుగుతుంటే నీకు ఇసుగ్గా ఉండాది" అంది. "నేను ఆ ఇంట్లో కాలు పెట్టి ఎన్నేళ్ళయిందో. నువ్వు తిన్నావా అని నన్ను ఇంతవరకు ఎవురూ అడగలా. మా అక్క కూడా. చెడ్డది కాదు, దానికి తోచలా."

అంత పొడుగు మాట ఆమె దగ్గర అంతకుముందు వినలేదు. ఆమె మాత్రం ముల్లు ఇరుక్కుందేమో చూసుకుని ముద్ద నోట్లో పెట్టుకుంది. నేను తెరచాప గుడ్డలో పక్కకి తిరిగి పడుకున్నాను. మా ఇంట్లో అందరి కళ్ళూ నా పళ్ళెం మీద ఉన్నన్నాళ్ళూ ఈమె వంటింటి మూల ఏం తిన్నదో, తిన్నదో లేదో, నాకూ తెలీదు. నాకూ తోచలేదు.

ఆ తర్వాత అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఆమెకి సరిపోయిందా అని అడగడం మొదలుపెట్టాను. మొదట్లో తడబడేది. చిన్నపిల్లలా, "ఆఁ, తిన్నాలే" అని ముఖం తిప్పుకునేది. తర్వాత అలవాటు పడి, ఈ రోజు ఉప్పు ఎక్కువైందనో, చేప తాజాగా లేదనో ఫిర్యాదులు చేసేది. ఆ ఫిర్యాదులు వింటుంటే నాకు చేప ఎట్లా ఉంటుందో తెలుసుకోవాలనిపించింది. ఒక సాయంత్రం ఆమె నిప్పుల మీద ఎండు నెత్తళ్ళు కాల్చుకుంటుంటే, వాటి పొగ నా మీదికి వచ్చింది. నేను పక్కకి తిరగలేదు. ఒకటి ఇవ్వమన్నాను. ఆమె ఇచ్చింది. కరకరలాడింది. ఉప్పగా ఉంది. ఉప్పగా ఉందని నా నాలుక నాకు చెప్పి ఎంత కాలమైందో. రెండోది అడగలేదు, ఆ ఒక్కటే చాలాసేపు నమిలాను.

ఆకలి తిరిగి వచ్చిందని చెప్పలేను. నెత్తురు ఆగింది. మందు పొడి మజ్జిగతో తాగితే కడుపు అంతగా తిప్పేది కాదు. కొన్ని రోజులు బాగుండేవి. ఆ బాగున్న రోజుల్ని నమ్ముకుని ఎక్కువ తిన్న రోజు మళ్ళీ కక్కేదాన్ని. తుఫాను గాలులు వచ్చి పాక కప్పు సగం లేచిపోయినప్పుడు వారం రోజులు ఇంటావిడ వసారాలో తలదాచుకున్నాం. ఆ వారం నేను గంజి తప్ప తాగలేకపోయాను. ఉయ్యాల తాళ్ళు ఒరుసుకుపోయి ఒకసారి నన్ను కింద పడేశాయి. కుదురు మాత్రం ఆ రోజుల్లో ఎప్పుడూ లేదు. డాక్టరుగారు నడవొచ్చు అన్న రోజు నేను తోపు ఈ చివర నుంచి ఆ చివర దాకా మెల్లగా నడిచి, చివర నిలబడి, నడుస్తూ తినాల్సిన ఆకు చేతిలో లేదని గుర్తొచ్చి, వెనక్కి వచ్చి తీసుకెళ్ళాను. చిన్నత్త గుమ్మంలో కూర్చుని నవ్వింది.

అరవైలు మొదలయ్యాక, మైపాడులో మా మూడో వేసవిలో, ఫోటోలో మచ్చ గట్టిపడిందని, ఇంటికి పోవచ్చని డాక్టరుగారు చెప్పారు. నా దగ్గర నుంచి ఎవరికీ జబ్బు అంటదని మా ఆయనకి రెండుసార్లు చెప్పారు. మా ఆయన నమ్మారు గానీ మా అత్తగారు నమ్మడానికి భయపడింది. ఇంటికి చేరిన రోజు నాకు వసారాలో వేరే పళ్ళెం పెట్టింది. దూరంగా కూర్చోలేదు, గడప మీదే కూర్చుంది. పళ్ళెం నిండా అన్నం, కోడి కూర, పప్పు, నెయ్యి. అందరూ వచ్చారు. మా తోడికోడలు నా కూతురి చేయి పట్టుకుని నిలబడింది. అది ఆమె చీర వెనక దాక్కుని ఒక కన్నుతో నన్ను చూస్తోంది.

మళ్ళీ అన్ని కళ్ళూ నా పళ్ళెం మీద. దవడలు బిగుసుకోవడం తెలుస్తోంది. అప్పుడు చిన్నత్త వంటింట్లోంచి తన పళ్ళెం పట్టుకుని వచ్చింది. అందరూ తిన్నాక కాదు, ఆ వేళే. వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. మా అత్తగారు ఆశ్చర్యంగా చూసింది. చిన్నత్త అక్క వైపు చూడకుండా, "అక్కా, నాకు ఆకలేస్తుండాది. నువ్వు కూడా పళ్ళెం తెచ్చుకో. అట్ట చూస్తా కూకుంటే ఆ పిల్ల తినదు" అంది.

మా అత్తగారు లేచి లోపలికి పోయి పళ్ళెం తెచ్చుకుంది. మా ఆయన కూర్చున్నారు. మా తోడికోడలు కూర్చుంది. ఎవరి అన్నం వాళ్ళు కలుపుకున్నారు. నన్ను చూసేవాళ్ళు లేరు. నేను ఉసిరికాయంత ముద్ద చేసి నోట్లో పెట్టుకున్నాను, ఇంకోటి చేశాను.

నా కూతురు మా తోడికోడలి చీర వదిలి, పళ్ళేల మధ్య నుంచి అడుగులేసుకుంటూ వచ్చింది. నా ముందు నిలబడి పళ్ళెం చూసింది. మా అత్తగారి చెయ్యి ఆపడానికి లేచింది, మళ్ళీ ఒళ్ళోకి వచ్చింది. పిల్ల వంగి నా పళ్ళెంలోంచి కోడి ముక్క తీసుకుని, నా వైపు చూడకుండా, అక్కడే నిలబడి కొరకడం మొదలుపెట్టింది. అది నన్ను అమ్మా అనడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. ఆ రోజు మాత్రం ఎముక నాకేసి, ఇంకోటి పెట్టమని చెయ్యి చాపింది. పెట్టాను. కూర అంటిన చెయ్యి నా మోకాలి మీద ఆనించి నిలబడింది. నా అన్నం సగం మిగిలిపోయింది. ఎందుకు తినలేదని ఎవరూ అడగలేదు.